లోడు లేని బండి

పోయిన ఆదివారం చిక్కబళ్ళాపురంలో ఒక పెండ్లి చూసుకుని బాగేపల్లికి తిరిగొస్తూ, పేరేసంద్ర దాటినాక హైవే పక్కన టీ కోసం ఆగితే, మా అబ్బాయి కారు పక్కనే బెంగుళూరు నంబరు పికప్పు బండి ఒకటి నిలబడి ఉంది. దాని నెత్తిన మడిచిపెట్టిన గుడారం, వెనక తొట్టిలో లాగితే సొరుగులా బయటికొచ్చే పొయ్యి, ఒక పక్కన చాపలా చుట్టిన నీడపట్ట, ఇంకో పక్కన నీళ్ళ ట్యాంకు, దానికి ముద్దొచ్చే చిన్న కొళాయి. కొత్తగా పెండ్లయిన వాళ్ళలా ఉన్న ఇద్దరు పిల్లలు దాని పక్కన మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. మా ఆయన టీ గ్లాసు పట్టుకునే లేచిపోయి, దేవుడి గుడి చుట్టూ తిరిగినట్టు ఆ బండి చుట్టూ తిరిగి, ఒక్కొక్క బోల్టూ వేలితో తడిమి చూసి, దీన్నంతా సిద్ధం చేయించడానికి ఎన్నాళ్ళు పట్టిందమ్మా అని ఆ పిల్లను అడిగారు. ఆ పిల్ల నవ్వి, ఫోనులో ఆర్డరిస్తే వాళ్ళే ఇంటికొచ్చి ఒక్క పూటలో బిగించిపోయారని చెప్పింది.

ఒక్క పూటలో! మా ఆయన చిన్నబోయిన మొహంతో వచ్చి కారెక్కారు. నాకు మాత్రం ఆయన మీద జాలి కలగలేదు. ఎప్పుడో చల్లారిపోయిందనుకున్న కోపం మళ్ళీ నెత్తికెక్కింది. ఆ ఒక్క పూట పనికి మా ఇంట్లో రెండు వానాకాలాలు గడిచిపోయాయి మరి. ఇది ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. నా వయసు వాళ్ళకైతే, అంటే ఒక వస్తువు కావాలంటే పది అంగళ్ళు తిరిగి, నలుగురిని అడిగి, చివరికి అది కాని దాన్ని ఇంటికి తెచ్చుకున్న వాళ్ళకైతే, నా బాధ తెలుస్తుంది.

మాది బాగేపల్లి బజారులో హార్డ్‌వేరు అంగడి. మేకులు, బోల్టులు, పైపులు, తాళాలు, బావి గిలకలు. పొద్దున షట్టరు ఎత్తితే రాత్రి దించేదాకా మా ఆయన లోకమంతా ఆ గల్లాపెట్టె వెనకనే. పండగ రోజున కూడా ఎవరికో మోటారు చెడిపోయిందని, ఎవరికో గడియ విరిగిందని సగం షట్టరు తెరిచే ఉంచేవారు. ఇక నా సంగతి వేరు. నాకు చిన్నప్పటినుంచీ ప్రయాణం పడదు. బస్సెక్కి పది నిమిషాలు కాకముందే కడుపులో తిప్పడం మొదలై, కండక్టరు నా మొహం చూసి తానే కిటికీ తెరిచేవాడు. పెండ్లయిన మర్నాడు చింతామణి నుంచి బాగేపల్లికి వచ్చిన బస్సులో నా పట్టుచీరకు, మా అత్తగారి పట్టుచీరకు కూడా జరిగిన మర్యాద మా వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందరూ కాశీకి పోయారు, రామేశ్వరం పోయారు. నేను వాళ్ళు తెచ్చిన ప్రసాదం తిన్నాను. మా మేడ మీద నిలబడితే ఉత్తరాన గుట్టలు కనిపిస్తాయి. వాటి అవతల ఏముందో చూడాలని ఎంత ఆశ ఉండేదో, చూడలేనని అంత చిరాకూ ఉండేది.

ఒకే ఒక్కసారి మాత్రం నాకేమీ కాలేదు. మా మామగారి కాలంలో చాకవేలు పొలం నుంచి లారీలో శెనక్కాయ మూటల మీద కూర్చుని ఇంటికొచ్చాను. మొహానికి గాలి కొడుతూ ఉంటే హాయిగా పాడుకుంటూ వచ్చానట. నేను మరిచిపోయినా మా ఆయన మరిచిపోలేదు. అంగడి మా అబ్బాయి చేతికి అప్పజెప్పిన ఏడాది, ఒక రోజు భోజనం దగ్గర ఆ సంగతి గుర్తుచేసి, కారూ వద్దు బస్సూ వద్దు, ఒక పికప్పు బండి కొనుక్కుందాం, ముందు సీటు ఎత్తుగా ఉంటుంది, గాలి బాగా వస్తుంది, నీకు బాగలేకపోతే ఆపి వెనక తొట్టిలో పరుపు మీద పడుకోవచ్చు, లాడ్జీల కంపు దుప్పట్లు మనకొద్దు, గుట్ట కనిపిస్తే గుట్ట కింద, నీళ్ళు కనిపిస్తే నీళ్ళ పక్కన ఉండిపోదాం అన్నారు. అంతపాటి మాట ఆయన నోట వినడం నాకదే మొదలు. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదని చెప్పడానికి సిగ్గేమీ లేదు.

అక్కడినుంచి మొదలయ్యాయి నా తిప్పలు. చిక్కబళ్ళాపురం షోరూములో ఉన్న కుర్రాడు, పాపం మర్యాదస్తుడే, మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, "లోడు ఏమి తోల్తారప్పా? పాలా, టమోటానా, తరకారీనా?" అని అడిగాడు. మా ఆయన గొంతు సవరించుకుని, మేమిద్దరం పడుకోవడానికి అన్నారు. ఆ కుర్రాడు ఒకసారి నా తెల్ల జుట్టు వైపు, ఒకసారి ఆయన వైపు చూసి, తల వంచుకుని, మళ్ళీ లోడు గురించే చెప్పసాగాడు. మేము సీటు మెత్తదనం గురించి అడిగితే వాడు కమాను పట్టీల బలం గురించి చెప్పేవాడు. కిటికీ పూర్తిగా దిగుతుందా అని నేనడిగితే, ఎంత బరువేసినా ఎత్తు ఎక్కుతుందమ్మా అనేవాడు. ఈ దేశంలో మనిషి ఊరికే గాలి కోసం బండి కొంటాడని ఎవ్వరికీ తోచదు. చివరికి తెల్ల బండి ఒకటి తెచ్చుకుని, దాని మొహానికి పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించాము.

బండి వచ్చింది గదా, రేపో మాపో పోతామనుకున్నాను. మా ఆయన హార్డ్‌వేరు మనిషి. బోల్టు లేని చోట బోల్టు పెట్టేదాకా ఆయనకు ముద్ద దిగదు. తొట్టి మీద ఇనుప చట్రం కావాలి, దాని మీద టార్పాలు కావాలి, కింద మడత మంచం కావాలి, నీళ్ళ డ్రమ్ము, పొయ్యికి పలక, నాకోసం నాలుగు కర్రల మీద నిలబడే స్నానాల మరుగు. ఇవన్నీ కట్టడానికి చేళూరు మీదుగా చింతామణికి, లారీలకు బాడీలు కట్టే మేస్త్రీ దగ్గరికి తిరగడం మొదలుపెట్టారు. ఆ మేస్త్రీ జీవితమంతా ఆవులనూ బస్తాలనూ మోసే బండ్లకు కట్టినవాడు. మాకూ అదే చేత్తో కట్టాడు. ఆ చట్రం బరువుకు బండి చిన్న ఎత్తు ఎక్కడానికే మూలిగేది. అది విప్పి, సన్న పైపులతో మళ్ళీ కట్టించారు. ఈసారి మంచం పొడవు చాలలేదు. మా ఆయన కాళ్ళు బయటికి వచ్చేవి. మంచం మార్చితే పొయ్యి పలక తెరుచుకోలేదు. ప్రతిసారీ ఆయన పొద్దున పోయి సాయంత్రం మసి బట్టలతో వచ్చేవారు. ప్రతిసారీ ఒకటే మాట, ఇంకొక్కటి అయిపోతే పోదామని.

అన్నీ అయ్యాక చిక్కబళ్ళాపురం ఆర్టీవో ఆఫీసులో చూపించబోతే అక్కడి అధికారి చట్రాన్ని కిందా మీదా చూసి, "ఇదు సామాను సాగిసో గాడి, మలగో గాడి అల్ల" అన్నాడు. సామాన్లు తోలే బండేగాని పడుకునే బండి కాదట. రూలు ప్రకారం ఆయన చెప్పింది సరే. చట్రాన్ని బండికి అతికించకూడదు, అవసరమైనప్పుడు పెట్టి తర్వాత తీసేసేలా ఉంటే అభ్యంతరం లేదన్నాడు. మళ్ళీ చింతామణి. వెల్డింగు కోసేసి, నాలుగు మూలలా బోల్టులు పెట్టించారు.

నా కొంప ముంచింది ఆ బోల్టులే. చట్రం అతుక్కుని ఉన్నన్నాళ్ళూ మా బండి ఎవరికీ పనికి రాలేదు. అది ఊడుతుందని తెలిసిన మర్నాటినుంచి బండి మాది కాకుండా పోయింది. ఎవరింటి పెండ్లికో పాత్రలు, ఎవరింటికో షామియానా, వినాయకుడి ఊరేగింపు, ఒకసారి పురిటికొచ్చిన గేదె కూడా. అందరికన్నా ముందు వరసలో మా మరిది. చాకవేలులో పొలం చూసుకునేది ఆయనే. టమోటా కోతకు వచ్చిందంటే చాలు, తెల్లారకముందే వచ్చి, రెంచీ ఎక్కడుందో కూడా మమ్మల్ని అడగకుండా చట్రం ఊడదీసి పెరట్లో పారేసి, బండి తోలుకుని పోయేవాడు. తిరిగొచ్చిన బండిలో పరుపు వేయాలంటే ముందు నలిగిన టమోటాలు కడగాలి. చట్రం నెలల తరబడి పెరట్లోనే పడి ఉంటే, వృథాగా ఎందుకని నేనే దాని మీద బట్టలారేయడం మొదలుపెట్టాను. అడవిలో నాకు నీడనివ్వాల్సిన ఇనుము మా ఇంటి లంగాలకు దండెమయింది.

వానలు వచ్చి పోయాయి, ఎండలు వచ్చి పోయాయి. మా ఆయన కొనడం మాత్రం ఆపలేదు. మడత కుర్చీలు, నెత్తికి కట్టుకునే టార్చి, తాళ్ళు, కొడవలి, దోమతెర. రెండో వానాకాలం చివర ఆయన బెంగుళూరు నుంచి దోమతెరకు స్టాండు కూడా పట్టుకొచ్చిన రోజు నా ఓపిక తెగిపోయింది. అసలు మనం పోయేది ఎప్పుడండీ అని గట్టిగానే అడిగాను. ఆయన స్టాండు కింద పెట్టి, దాని మర తిప్పుతూ, "దోవలో నీకు బాగలేకపోతే యాడ దింపేది, యాడ పండబెట్టేది? అన్నీ ఉండల్ల గదా" అన్నారు. ఇంకొకరైతే ఆ మాటకు కరిగిపోయేవారేమో. నాకు ఇంకా ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ నా కడుపు నన్ను ఇంట్లో కట్టేసింది, ఇప్పుడు దాని మీద ప్రేమతో ఈయన కట్టేస్తున్నారు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. వడ్డించడానికి మాత్రం వడ్డించాను.

ఆ తర్వాత జరిగింది మా కోడలి చలవ. ఆమె బడిలో లెక్కల టీచరు, చిక్కబళ్ళాపురం పిల్ల, కారు బాగా నడుపుతుంది. ఒక రోజు పొద్దున్నే గాలికని నన్ను ఆ పికప్పు బండిలోనే ఊరి చివరి పాత మైదానం దాకా తీసుకుపోతుంటే దోవలోనే నాకు మామూలుగానే వాంతయింది. మైదానంలో బండి ఆపి, కొంగుతో నా మొహం తుడిచి, "అత్తా, మా నాయన బస్సు డ్రైవరు గదా. డ్యూటీలో ఆయనకు ఎప్పుడూ ఏమీ కాదు. రజా పెట్టి ప్యాసింజరు సీట్లో కూర్చున్నాడంటే చాలు, డోకులే. మీరొకసారి ఈ పక్కకు రాండి" అంది. నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. సీటు ముందుకు జరిపి, నా వీపు వెనక దిండు పెట్టి, కాళ్ళు ఎక్కడ పెట్టాలో చూపింది. బండి రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. మూడోసారి కదిలింది. మైదానం చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. దిగినాక గాని నాకు తట్టలేదు, కడుపులో ఏమీ తిప్పలేదని. అట్లాగే మైదానం మట్టిలో కూర్చుని ఏడ్చేశాను. అరవైకి దగ్గర పడినాక తెలిసింది, నాకు పడనిది ప్రయాణం కాదు, ఇంకొకరు నడిపే బండి లోపల కూర్చోవడం మాత్రమేనని. ఇంత చిన్న సంగతి నాకెవరూ చెప్పలేదే అని ఎవరి మీదని కోప్పడను?

మా ఆయన మొదట వద్దన్నారు, తర్వాత భయపడ్డారు, ఆ తర్వాత పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకును కాలితో తొక్కడం అలవాటు చేసుకున్నారు. బజారులో వాళ్ళు అంగడి మెట్ల మీదికొచ్చి నిలబడి, "అంగడమ్మ బండి తోల్తాంది సూడప్పా" అని ఒకరినొకరు పిలుచుకునేవారు. లైసెన్సు పరీక్ష నాడు నా కన్నా మా కోడలు ఎక్కువ వణికింది. కార్డు చేతికొచ్చాక నేను మా ఆయనకు గడువు పెట్టాను. కొత్త సామాను ఒక్కటి కూడా కొనకూడదు. ఉన్నవాటితో, ఈ శుక్రవారం, పరగోడు దగ్గర చిత్రావతి ఆనకట్ట చూసుకుని, అక్కడినుంచి హార్స్లీ కొండలకు.

శుక్రవారం పొద్దున బోల్టులు బిగించడం అయింది. పరుపు, పొయ్యి, డ్రమ్ము అన్నీ ఎక్కాయి. నా కోసమని ఆయన పెట్టుకున్న సంచి, నిమ్మకాయలు, అల్లం, ప్లాస్టిక్కు కవర్లు, అదీ ఎక్కింది. నేను చీర దోపుకుని తాళం చేతిలోకి తీసుకునే సమయానికి వాకిట్లో మా మరిది మోటారుసైకిలు ఆగింది.

"వదినా, కోత అయిపోయిండాది. మధ్యాన్నానికి చింతామణి మార్కెట్లో ఉండల్ల" అంటూనే ఆయన నేరుగా రెంచీ కోసం పోయాడు. మా ఆయన నా వైపు చూడకుండా, తొట్టిలోంచి దిగి, ఒక మూల బోల్టు మీద చెయ్యి పెట్టారు. ఆ చెయ్యి చూసినప్పుడు నాకు కలిగిన నిస్పృహ ఇప్పటికీ మరువలేను. చాకవేలులో బాడుగ టెంపోలకు కొదవేమీ లేదు. అయినా అన్న బండి ఉండగా బాడుగెందుకని ఆయన లెక్క.

నేను ఎక్కి కూర్చుని ఇంజను వేశాను. "ఈ పొద్దు బండికి లోడు ఉండాదప్పా" అన్నాను.

"ఏమి లోడు?" అన్నాడు మరిది, రెంచీ పట్టుకుని.

"మీ అన్న."

మా ఆయన అటూ ఇటూ చూసి, బోల్టు మీదినుంచి చెయ్యి తీసి, వచ్చి ఎక్కారు. మరిది ఆ రోజు టెంపో మాట్లాడుకుని టమోటా తోలుకున్నాడు; ఆ తర్వాత చాలా నెలలు మా గడప తొక్కలేదు. అది నాకూ కష్టంగానే ఉండింది. కాని ఆ పొద్దు నేను వెనక్కి తిరిగి చూడలేదు.

హైవే లారీలకు భయపడి పల్లె దోవలు పట్టుకుని పోయాను. గతుకులు, మలుపులు. నేను బ్రహ్మాండంగా ఉన్నాను. మా ఆయన మాట తగ్గింది. కాసేపటికి మొహం పాలిపోయింది. మూడు దశాబ్దాలు స్కూటరయినా కారయినా తానే నడిపిన మనిషి, పక్క సీట్లో ఇంతసేపు కూర్చోవడం అదే మొదలు. బండి ఆపేలోపల కిటికీలోంచి తల బయట పెట్టారు. నా కోసం తెచ్చిన నిమ్మకాయ ఆయనకే కోసిచ్చాను. నవ్వకూడదని పెదవి కొరుక్కున్నాను గాని, ఆయన నిమ్మకాయ చప్పరిస్తూనే, "ఇట్లుంటాదా నీకు? ఇన్నేండ్లూ ఇట్లే ఉండిందా?" అని అడిగినప్పుడు ఆ నవ్వు ఎటు పోయిందో పోయింది.

పరగోడు దగ్గర నీళ్ళ పక్కన ఒక బీడులో బండి నిలబెట్టి చూసుకుంటే, డ్రమ్ము కొళాయి గతుకులకు ఊడి, నీళ్ళన్నీ దోవ పొడుగునా కారిపోయాయి. పొయ్యి పలక మంచానికి తగులుకుని తెరుచుకోలేదు. ఆయన రెండేళ్ళు చూసి చూసి కుట్టించిన టార్పాలు మొదటి గాలికే ఒక పక్క చిరిగింది. స్నానాల మరుగు నిలబడింది గాని, అది చూసి ఊళ్ళో ఆడవాళ్ళు సంచులు పట్టుకుని వచ్చేశారు. బండి అంగడి అనుకున్నారు. "ఏమి అమ్ముతాండారమ్మా?" అని ఒకామె అడిగితే, ఏమీ లేదు, ఊరికే వచ్చామన్నాను. ఆమె నమ్మలేదు. చీరలేవో దాచిపెట్టుంటామని, తీసి చూపిస్తామని అందరూ చాలాసేపు ఎదురుచూశారు. చివరికి రాళ్ళు మూడు పెట్టి, పుల్లలు ఏరుకుని, ఆమె తెచ్చిచ్చిన నీళ్ళతోనే టీ కాచి అందరికీ పోశాను. హార్స్లీ కొండల సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఉప్మా పొట్లం విప్పుకుని తిని, అక్కడే ఉండిపోయాము.

తెల్లవారుజామున మెలకువ వచ్చింది. నీళ్ళ మీద పొగలా మంచు. కొంగలు ఒకటొకటిగా వచ్చి వాలుతున్నాయి. మా ఆయన నాకన్నా ముందే లేచి, చెప్పుల్లేకుండా ఒడ్డున నిలబడి ఉన్నారు. చేతిలో రెంచీ లేదు, తాడు లేదు, ఏమీ లేదు. ఆ మనిషిని ఖాళీ చేతులతో నేను చూసింది అప్పుడే. పోయి పక్కన నిలబడ్డాను. పొద్దు పొడిచేదాకా ఇద్దరం కొంగలను చూస్తూ ఉండిపోయాము.

తర్వాత మళ్ళీ ఎక్కడెక్కడికో పోతామనుకున్నాము. గుమ్మనాయకనపాళ్యం కోట కిందికి ఒకసారి, చింతామణి దగ్గర అంబాజీదుర్గం దాకా ఒకసారి పోయాము. అంతే. కరోనా వచ్చి అందరినీ ఇళ్ళలో కూర్చోబెట్టింది. అది పోయేసరికి మా ఆయన నడుముకు తొట్టిలో పడుకోవడం పడలేదు. అంగడికి సరుకు తోలడానికి మా అబ్బాయికి బండి అవసరమయింది. తర్వాత మరిదితో మాటలు కలిసినప్పుడు బండి చాకవేలుకే పోయింది. ఎక్కువ కాలం సిద్ధం కావడంలో పోయిందే అని నేను చిరాకు పడని రోజు లేదు. పరగోడు దగ్గర మేము ఉన్న ఆ బీడు ఇప్పుడు ఇళ్ళ స్థలాల లేఔటు. తెల్ల రాళ్ళు పాతి, చుట్టూ కంచె వేసి, మధ్యలో రంగు జెండాలు పెట్టారు. నీళ్ళ దాకా పోవాలంటే ఎవరినో అడగాలి.

టీ అంగడి దగ్గర ఆ పిల్లలు మేము ఉన్న కొద్దిసేపట్లోనే పొయ్యిని, కుర్చీలను, గుట్టను, ఒకరినొకరు ఎన్ని ఫోటోలు తీసుకున్నారో. మంచిదే. రేపు ఏది ఎట్లా ఉండిందో వాళ్ళకు సందేహం రాదు. మాకు ఆ తెల్లవారుజాముది ఒక్క ఫోటో కూడా లేదు. ఫోను బండిలో ఉండింది, తేవాలని తోచలేదు. అప్పుడు నీళ్ళు బూడిద రంగులో ఉన్నాయని మా ఆయన అంటారు. కాదు, పాలలాగా తెల్లగా ఉన్నాయని నేనంటాను. మొన్న కారులో కూడా అదే తగాదా. మా అబ్బాయి విసుక్కుని రేడియో పెట్టాడు. తీర్చడానికి మధ్యలో ఎవరూ లేరు, చూపించడానికి ఏదీ లేదు. అవి తెల్లగానే ఉన్నాయి.